పియానో వేళ్ళకు టైపు వస్తుందా?

మొన్నామధ్య మా పక్కింటి పిన్నిగారి తమ్ముడు వాళ్ళ ఆఫీసులోకి ఒక అమ్మాయి కావాలన్నాడట. "డిగ్రీ అయి ఉండాలి, కీబోర్డు బాగా వచ్చి ఉండాలి" అన్నాడట. పిన్నిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా పక్కింటమ్మాయికి కీబోర్డు అద్భుతంగా వచ్చురా! రోజూ సాయంత్రం మా ఇంట్లోకి వినబడుతుంది" అని చెప్పేసింది.

వినబడే కీబోర్డు వేరు, ఆఫీసు కీబోర్డు వేరు అని ఆవిడకి తోచలేదు. నవ్వకండి, మాకు మాత్రం తోచిందా? మా పెద్దమ్మాయి ఏడేళ్ళుగా సంగీతం కీబోర్డు వాయిస్తోంది. వర్ణాలు వాయిస్తుంది, సినిమా పాటలు వాయిస్తుంది, పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు కొత్త పాట వాయిస్తే ఇంటికొచ్చి స్వరం పట్టేస్తుంది. అంత చురుకైన వేళ్ళకి టైపు ఒక లెక్కా అనుకున్నాం. కొత్త చీర కట్టుకుని పరీక్షకి వెళ్ళింది.

పది నిముషాల పరీక్ష. నిముషానికి 35 మాటలు రావాలి. మా పిల్లకి వచ్చినవి 19.

వాళ్ళు మంచివాళ్ళే. "ఇంకో రెండు నెలల్లో మరో ఖాళీ వస్తుంది, నేర్చుకుని రామ్మా" అని పంపించారు. ఇది ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఆ వాయించే కీబోర్డుని సంచిలో పెట్టి మంచం కిందికి తోసేసింది. మావారు పేపరు మడిచి, "ఆ సంగీతం ఫీజేదో టైపుకి కట్టి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేది" అన్నారు.

ఆ మాట పిల్లకి తగిలిందో లేదో గానీ నాకు తగిలింది. ఎందుకంటే ఆ ఏడేళ్ళ ఫీజూ పాలవాడికి, కూరలవాడికి ఇవ్వగా మిగిల్చి నేను పోపులడబ్బాలో దాచి కట్టినది. నేనేమన్నా తప్పు చేశానా? సంగీతం వేళ్ళకీ టైపు వేళ్ళకీ అసలు సంబంధం ఉందా, లేదా? ఇది తేల్చుకోవాలనిపించింది. తేల్చుకున్నాను కాబట్టే మీకూ చెబుతున్నాను. మీ ఇంట్లోనూ వీణో, హార్మోనియమో, కీబోర్డో నేర్చుకునే పిల్లలుంటారు. మీకూ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

నా సంగతి ముందు చెప్పాలి

మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నగారు బడిపంతులు. ఊళ్ళో పద్యనాటకం ఆడితే హార్మోనియం ఆయనదే. నాకు చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు, కొన్ని కీర్తనలు దాని మీదే నేర్పారు. 1996లో ఇంటర్ అయ్యాక చదువు మానిపించి తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. ఆ రోజుల్లో సంబంధం వచ్చేలోగా ఆడపిల్ల చేసే పని అదే కదండీ! ఉదయం ఆరు గంటల బ్యాచి. వరసగా రెమింగ్టన్, గోద్రెజ్, ఫేసిట్ మిషన్లు. లోపలికి అడుగు పెడుతూనే రిబ్బను వాసన, వడగళ్ళు పడ్డట్టు చప్పుడు.

వారం తిరక్కుండానే మాస్టారు నా వెనకాల నిలబడి, "నువ్వేమన్నా వాయిస్తావామ్మా?" అని అడిగారు. "హార్మోనియం అండీ" అన్నాను. "అనుకున్నాను. కుడిచెయ్యి గుర్రంలా పోతోంది, ఎడమచెయ్యి ఎద్దులా నడుస్తోంది" అన్నారు.

అదెలా కనిపెట్టారో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. హార్మోనియం దగ్గర ఎడమచెయ్యి తిత్తి ఊదుతుంది. మెట్ల మీద ఆడేవి కుడిచేతి వేళ్ళే. టైపులో రెండు చేతులూ సమానంగా పనిచెయ్యాలి. పైగా ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే ఇ, ఎ, టి, ఎస్, ఆర్ అక్షరాలన్నీ ఎడమచేతి కిందే ఉన్నాయి! అంటే నాకు సంగీతం సగమే పనికొచ్చిందన్నమాట. ఆ సగం మాత్రం నిజంగానే పనికొచ్చింది.

లోయరు మొదటిసారే పాసయ్యాను. లోయరంటే నిముషానికి 30 మాటలు, హయ్యరంటే 45. హయ్యరుకి ఫీజు కూడా కట్టాను. పరీక్ష నెలలోనే పెళ్ళి కుదిరింది. ఆ హాల్ టికెట్టు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

రెండు పెట్టెలూ చుట్టాలే

ఈ రెంటికీ చుట్టరికం ఉందని అనుకున్నది మా పిన్నిగారొక్కరే కాదు. టైపు మిషను కనిపెట్టినవాళ్ళే అలా అనుకున్నారు.

పియానో ముందు పుట్టింది. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలొమేయో క్రిస్టొఫోరి అనే ఆయన చేశాడు. ఇప్పటి పియానోకి 88 మెట్లు, అందులో తెల్లవి 52, నల్లవి 36. వేలితో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్ళి తీగని కొడుతుంది. వేలితో నొక్కితే సుత్తి తీగని కొట్టినప్పుడు, వేలితో నొక్కితే అక్షరం కాగితాన్ని ఎందుకు కొట్టకూడదు? ఈ ఆలోచన చాలామందికి వచ్చింది. 1855లో ఇటలీలోనే జుసెప్పె రవిజ్జా అనే వకీలు ఒక రాతమిషనుకి పేటెంటు తీసుకున్నాడు. దానికి పియానోలాంటి మెట్లే పెట్టాడు. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్, ఆయన స్నేహితులు 1868లో పేటెంటు తీసుకున్న మొదటి నమూనాకీ పియానో మెట్లే. తర్వాత వాటిని తీసేసి ఇప్పటిలాంటి గుండ్రటి మీటలు పెట్టారు.

ఇంకో తమాషా వినండి. షోల్స్ మిషను 1874లో బజారులోకి వచ్చింది. దాన్ని తయారుచేసింది తుపాకులు, కుట్టుమిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీ. అందుకని దాన్ని కుట్టుమిషను బల్లలాంటి దాని మీద బిగించి, కింద కాలితో తొక్కే పెడల్ పెట్టారు. లైను అయిపోగానే పెడల్ తొక్కితే బండి వెనక్కి వచ్చేది. పైన పూలూ లతలూ కూడా వేశారు. అంటే ఆ మొదటి టైపు మిషను పియానోకీ, మన కుట్టుమిషనుకీ కూడా చెల్లెలన్నమాట! షోల్స్ కూతురు లిలియన్ 1872లో ఆ మిషను ముందు కూర్చుని దిగిన ఫొటో ఉంది. టైపు ఆడవాళ్ళ పని అవుతుందని ఆ ఫొటోయే చెప్పినట్టుంది. 1881లో న్యూయార్కులో వై.డబ్ల్యు.సి.ఎ. వాళ్ళు ఆడపిల్లలకి టైపు తరగతులు మొదలుపెట్టారు. అక్కడ కాస్త ఉన్న ఇళ్ళలో ఆడపిల్లకి పియానో నేర్పించడం ఆనవాయితీ. ఆ వేళ్ళు ఈ పనికి సరిపోతాయని అనుకునేవాళ్ళు.

అయితే చూడకుండా పది వేళ్ళతో కొట్టడం మొదట్లో ఎవరికీ తెలియదు. రెండు మూడు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టేవారు. 1888లో సిన్సినాటి ఊళ్ళో ఒక పందెం జరిగింది. ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు మీటలవైపు చూడకుండా అన్ని వేళ్ళతో కొట్టి గెలిచాడు. ఆ తర్వాతే లోకమంతా ఆ పద్ధతి పట్టుకుంది. మనకి ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పినదీ అదే.

ఏవి కలుస్తాయి?

ఇప్పుడు ఒక లెక్క చూపిస్తాను. లెక్కలంటే నాకూ భయమే, ఇది మాత్రం తేలిక.

టైపు పరీక్షలో "మాట" అంటే అయిదు కీలు. కాబట్టి నిముషానికి 35 మాటలంటే 175 కీలు. గంటకి లెక్కేస్తే 10,500. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ గుమాస్తా పరీక్షల్లో ఇంగ్లీషు టైపుకి పెట్టిన లెక్క సరిగ్గా ఇదే. సెకనుకి మూడు కీలన్నా రాదు.

ఇప్పుడు సరళీ స్వరాలకి రండి. సెకనుకి ఒక దెబ్బ తాళం వేసుకోండి. మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంటే మూడో కాలంలో నిముషానికి 240 స్వరాలు. దాన్ని అయిదుతో భాగిస్తే 48 మాటలు! మా అమ్మాయి మూడో కాలం కళ్ళు మూసుకుని వాయిస్తుంది. అంటే హయ్యరు పాసయ్యేంత వేగం దాని వేళ్ళలో అప్పటికే ఉంది.

మరి 19 మాటలే ఎందుకొచ్చాయి? వేగం లేక కాదు, ఇళ్ళు తెలియక. కొత్త ఊళ్ళో పోస్ట్‌మాన్ ఎంత పరుగెత్తగలిగితే మాత్రం ఏం లాభం, ఎవరి ఇల్లు ఎక్కడో తెలియనప్పుడు?

వేగం ఒక్కటే కాదు, ఇంకా కలిసేవి ఉన్నాయి. మొదటిది, వేలు వేలుగా కదలడం. చిన్న పరీక్ష చేసి చూడండి. అరచెయ్యి బల్ల మీద ఆనించి, మధ్యవేలు లోపలికి మడిచి పెట్టండి. ఇప్పుడు ఉంగరపు వేలు ఒక్కటీ పైకెత్తండి. లేవదు! ఆ వేళ్ళని పైకి లేపే టెండన్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడమే కారణం. టైపు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఏడిపించేది ఇందుకే. వాయిద్యం నేర్చుకున్నవాళ్ళు ఆ ఏడుపు ముందే ఏడ్చేసి ఉంటారు.

రెండోది, లయ. మంచి టైపు చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది. తేలిక అక్షరాలు గబగబా, కష్టమైనవి ఆగి ఆగి కొడితే తప్పులు పెరుగుతాయి.

మూడోది, సాధన అంటే ఏమిటో తెలియడం. రోజూ కూర్చోవడం, తప్పొచ్చిన చోట ఆగి మెల్లగా పదిసార్లు చెయ్యడం. ఇది అన్నిటికన్నా పెద్ద ఆస్తి అని నా నమ్మకం.

ఏవి కలవవు?

సంగీతం మెట్లకి ఒక వరస ఉంది. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ స్వరం పైకి పోతుంది. ఎవరైనా ఊహించుకోవచ్చు. టైపు అక్షరాలకి అలాంటి వరస లేదు. 'ఎ' పక్కన 'ఎస్' ఎందుకుందో వేలికి తెలియదు, బట్టీ పట్టాల్సిందే.

సంగీతంలో చేతులు అటూ ఇటూ నడుస్తాయి. టైపులో చేతులు ఇంట్లోనే ఉంటాయి, వేళ్ళు గడప దాటి వెళ్ళి వస్తాయి. సంగీతంలో బొటనవేలు రాజు, మిగతా వేళ్ళ కిందనుంచి దూరి మెట్లు మారుస్తుంది. టైపులో దానికి ఖాళీ కొట్టడం తప్ప పనిలేదు. పియానో మీద గట్టిగా నొక్కితే గట్టిగా, మెత్తగా నొక్కితే మెత్తగా పలుకుతుంది. కంప్యూటరుకి ఎలా నొక్కినా ఒకటే. అందుకే వాయించే అలవాటున్న పిల్లలు మీటని అవసరానికి మించి లోతుగా నొక్కుతారు.

అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఒకటుంది, దీన్ని నేను మా పిల్ల పక్కన కూర్చున్నాకే కనిపెట్టాను. నొటేషను పుస్తకం చూసి వాయించేవాళ్ళ కళ్ళు కాగితం మీద ఉంటాయి, వేళ్ళకంటే నాలుగు స్వరాలు ముందు పోతుంటాయి. టైపులో సరిగ్గా కావలసింది అదే. కానీ మన ఇళ్ళలో చాలామంది పిల్లలు విని, వేళ్ళవైపు చూసి నేర్చుకుంటారు. మా అమ్మాయీ అంతే. పరీక్షలో ఒక మాట చదవడం, తల దించి వెతకడం, తల ఎత్తి చోటు వెతుక్కోవడం. సగం కాలం తల ఆడించడానికే సరిపోయింది పాపం!

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఇవి మా చిన్నమ్మాయి చదివి వినిపించింది.

జర్మనీలో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2014లో ఒక ప్రయోగం బయటపెట్టారు. పియానో మెట్లకే ఇంగ్లీషు అక్షరాలు కేటాయించారు. సంగీతంలో తరచూ పక్కపక్కన వచ్చే స్వరాలకి, ఇంగ్లీషులో తరచూ పక్కపక్కన వచ్చే అక్షరాలు ఇచ్చారు. పియానో వేళ్ళు అలా నిముషానికి 80 మాటలు దాటించాయి. ఆరితేరిన టైపిస్టులకి సమానం! అయితే గమనించండి, అక్కడ అక్షరాలే వచ్చి సంగీతం వేళ్ళకి ఒదిగాయి. మన ఆఫీసు కీబోర్డు అలా ఒదగదు. వేళ్ళే వెళ్ళి దానికి ఒదగాలి.

ఫిన్లండ్‌లో ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 30 మంది టైపు చేసే తీరు పరిశీలించారు. పది వేళ్ళూ వాడేవాళ్ళకీ, సొంతంగా కొన్ని వేళ్ళతోనే నేర్చుకున్నవాళ్ళకీ వేగంలో పెద్ద తేడా కనిపించలేదు. వేగంగా కొట్టినవాళ్ళందరిలోనూ కనిపించినది ఏమిటంటే, ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకే వేలు, చేతులు అట్టే కదలకపోవడం, ముందు రాబోయే అక్షరానికి వేలు ముందే సిద్ధంగా ఉండడం. పది వేళ్ళ పద్ధతివాళ్ళు మీటలవైపు తక్కువ చూస్తారు. చూసి కొట్టే పరీక్షలకి అది మంచిదే కదా.

2018లో 1,68,000 మంది టైపింగు తీరు చూశారు. సగటు వేగం 52 మాటలు. బాగా వేగంగా కొట్టేవాళ్ళు ఒక మీట మీంచి వేలు తియ్యకముందే రెండోది నొక్కుతున్నారట. ఇది వినగానే నాకు నాన్నగారి హార్మోనియమే గుర్తొచ్చింది. స్వరం తెగకుండా వాయించాలంటే ఒక మెట్టు వదిలీ వదలకముందే రెండోది అందుకోవాలి!

ఇంకొకటి. 2013లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు నిముషానికి 72 మాటలు కొట్టే వంద మందికి ఖాళీ గళ్ళ కాగితమిచ్చి, ఏ అక్షరం ఎక్కడుందో రాయమన్నారు. 26లో సగటున 15 మాత్రమే సరిగ్గా రాశారు. మీరూ రాసి చూడండి! తెలివి వేళ్ళలో ఉంటుంది, నాలుక మీద కాదు. ముగ్గు వేస్తూ వేస్తూ "ఈ చుక్క తర్వాత ఎటు?" అని అడిగితే మనం తడబడమూ?

మా ఇంట్లో ఏం చేశామంటే

మర్నాడు వంట అయ్యాక దాన్ని కూర్చోబెట్టాను. "అమ్మా, నీకెందుకివన్నీ" అంది. పెట్టెలోంచి లోయరు సర్టిఫికెట్టు తీసి చూపించాను. అప్పుడు కూర్చుంది.

మా మాస్టారు చేసినట్టే చేశాను. చేతుల మీద తుండుగుడ్డ కప్పేశాను. ఎడమచెయ్యి ఎ, ఎస్, డి, ఎఫ్ మీద, కుడిచెయ్యి జె, కె, ఎల్, సెమికోలన్ మీద. ఎఫ్ మీదా జె మీదా చిన్న గీతలా బొడిపె ఉంటుంది చూడండి, చూపుడువేలు దాన్ని తడిమి ఇల్లు గుర్తుపడుతుంది. సంగీతం మెట్లలో రెండు నల్లవి, మూడు నల్లవి జట్టుగా ఉండి దారి చూపిస్తాయి కదా, అలాగే.

తర్వాత దానికి తెలిసిన భాషలోనే చెప్పాను. "ఇది సరళీ వరస అనుకో. తాళం వెయ్యి. ముందు మొదటి కాలం." ఫోనులో మెట్రోనోం పెట్టుకుంది. సెకనుకి ఒక అక్షరం, తప్పు రాకూడదు. తప్పు రాకుండా మూడుసార్లు అయ్యాకే రెండో కాలం. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే మాటల్ని జంట స్వరాలన్నాం. తరచూ తప్పే మాటల్ని ఒక పుస్తకంలో రాసి, వాటినే అలంకారాల్లా వరసలు కట్టాం. 26 అక్షరాలూ వచ్చే నక్కా కుక్కా వాక్యం ఉంది కదా, అది చివర్లో మంగళం!

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మొదటి వారం 19 మాటలు కాస్తా 11కి పడిపోయాయి. పిల్ల ఏడ్చింది. "పాత పద్ధతే నయం" అంది. మావారు కూడా "దానికి ఇష్టమొచ్చినట్టు కొట్టనియ్యరాదూ" అన్నారు. నాకూ భయమేసింది. కానీ పాత అలవాటు విరిగేటప్పుడు అలాగే పడుతుందని నాకు తెలుసు. ఎద్దులా నడిచిన నా ఎడమచెయ్యే సాక్ష్యం. మూడో వారానికి 24 అయ్యాయి. అయిదో వారంలో ఒకరోజు తుండుగుడ్డ కింద వేళ్ళు వాటంతటవే పోతున్నాయి, అది కాగితం చదువుతూ కాళ్ళతో తాళం వేస్తోంది. గుమ్మంలో నిలబడి చూశాను. 31.

నా అనుభవంలో, ఏమీ వాయించని పిల్లకైతే ఇంకా ఎక్కువ కాలం పట్టేది. వేళ్ళు సిద్ధంగా ఉండడం వల్ల, సాధన అలవాటు ఉండడం వల్ల దీనికి దారి దగ్గరైంది. కానీ దారి నడవక తప్పలేదు. పూరీలు వత్తడం వచ్చినామెకి బొబ్బట్లు త్వరగా వస్తాయి. రావడం మాత్రం వాటంతట అవి రావు.

నొప్పి రాకుండా

ఈ ఆత్రంలో ఒకటి మరిచిపోకండి. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ (1810-1856) పియానో విద్వాంసుడు కావాలని కలలు కన్నాడు. కుడిచేతి వేలు దెబ్బతిని ఆ కోరిక వదులుకోవలసి వచ్చింది. వేళ్ళని మొండిగా బాధపెట్టకూడదు.

* మంచం మీద బాసింపట్టు వేసుకుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని సాధన చెయ్యకండి. కుర్చీలో కూర్చోవాలి. కాళ్ళు నేలకి ఆనకపోతే కింద పీట వేసుకోండి.
* మోచెయ్యి ఎల్ అక్షరంలా వంగాలి. మణికట్టు పైకీ కిందికీ వంగకుండా ముంజేతితో సమంగా ఉండాలి. వాయించేటప్పుడూ ఇదే నియమం.
* ఒకేసారి రెండు గంటలు కూర్చునేకంటే పావుగంట చొప్పున రోజుకి మూడుసార్లు మేలు. మధ్యలో లేచి చేతులు విదిలించాలి.
* ముందు తప్పులు తగ్గాలి, తర్వాతే వేగం. తప్పుతో వేగం నేర్చుకుంటే తప్పే వేగంగా వస్తుంది.
* ఒకేరోజు సంగీతం, టైపు రెండూ చేస్తుంటే మధ్యలో కొంత విరామం ఇవ్వండి.
* రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టులో నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. నూనె రాసి ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి.

చివరికి

రెండు నెలలకి మళ్ళీ పిలిచారు. 37 మాటలు వచ్చాయి. ఉద్యోగం ఇచ్చారు.

ఆ సాయంత్రం మావారు పేపరు చూస్తూ చూస్తూ, "ఆ కీబోర్డు మంచం కింద ఎన్నాళ్ళని ఉంచుతారు, ఎలకలు కొరికేస్తాయి" అన్నారు. ఆయన భాషలో దానికి అర్థం వేరే ఉందని మాకు తెలుసు. పిల్ల తీసి తుడిచి వాయించింది. పిన్నిగారు గోడ అవతల నుంచే, "అమ్మయ్య, వాయిస్తున్నావా! ఈ రెండు నెలలూ ఇల్లు బోసిపోయిందే" అన్నారు.

అప్పుడు నాకొకటి అనిపించింది. సంగీతం టైపుకి పనికొచ్చింది కాబట్టి నా ఫీజు దండగ కాలేదని ఇన్నాళ్ళూ ఋజువు చెయ్యాలని చూశాను. ఒకవేళ ఏమాత్రం పనికిరాకపోయినా అది దండగేనా? ఈ సాయంత్రం పూట పాటకి జీతం కట్టేదెవరు? పిల్లలకి సంగీతం నేర్పిస్తే సంగీతం కోసం నేర్పించండి. టైపు నేర్పించాలంటే టైపు నేర్పించండి. ఒకటి రెండోదానికి చెయ్యందిస్తే సంతోషం. అందించకపోతే సంగీతాన్ని నిందించకండి.

ఒక చిన్న మాట చెప్పి ముగిస్తాను. ఈ వ్యాసం నేనే టైపు చేశాను. తెలుగులో ఇన్‌స్క్రిప్టు పద్ధతి. ఎడమచేతి కింద అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి కింద హల్లులూ ఉంటాయి. 'క' మీద షిఫ్టు నొక్కితే 'ఖ' వస్తుంది. ప్రతి గుణింతానికీ ఎడమచెయ్యి లేవాల్సిందే. ఇన్నేళ్ళకి నా ఎద్దుకి మళ్ళీ పని పడింది. మొదట్లో గంటకి అరపేజీ వచ్చేది, ఇప్పుడు పేజీ వస్తోంది. మా అమ్మాయి వెనకాల నిలబడి, "చేతులవైపు చూడకమ్మా" అని తుండుగుడ్డ కప్పుతోంది.